వడ్ల తేమ, దెయ్యాల పాట

శ్రావణంలో వాన కురిస్తే మా సూర్యాపేటలో పండుగ. అదే వాన కార్తీకంలో కురిస్తే ఎవరి ఇంట్లోనూ గట్టిగా మాట్లాడుకోరు. శ్రావణంలో పంట పొలంలో ఉంటుంది. కార్తీకంలో కళ్ళంలో ఉంటుంది. అంతే తేడా. కాని ఆ తేడాలోనే మా ముక్కోణపు లోకం, అంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, సంవత్సరమంతా ఊపిరి బిగబట్టుకుని బ్రతుకుతున్నది.

మొన్న 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన తుపానుకు మొంథా అని పేరు. ఆ పేరు థాయిలాండు వాళ్ళు పెట్టారట. పరిమళించే పువ్వు అని అర్థమట. థాయిలాండు వాళ్ళూ మనలాగే వరి పండించేవాళ్ళే గదా, తడిసిన వడ్ల వాసన ఎల్లా ఉంటుందో తెలిసి కూడా ఆ పేరు పెట్టడానికి మనసెలా ఒప్పిందో! సముద్రానికి ఇంత దూరాన ఉన్నాం, మనకేమిలే అనుకుని పడుకున్నాం. 29, బుధవారం తెల్లవారేసరికి ఆ పువ్వు మా పెరట్లో ఉన్నది. రేకుల మీద వాన చప్పుడుకు మా చిన్నవాడు లేచి మొట్టమొదట అడిగిన మాట, "నాన్నా, ఇవ్వాళ బడి ఉందా?" అని. లేదని తెలిసి వాడు మళ్ళీ ముసుగు తన్నాడు. అదృష్టవంతుడు. నేను లేచాను.

నా ఉద్యోగం సంగతి ఈ పేజీ చదివే వాళ్ళలో చాలామందికి తెలుసు. మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో లెక్కలు వ్రాస్తాను. మిల్లు పేరు ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. రోజూ సూర్యాపేట నుంచి బస్సులో పోయి వస్తాను. ఇన్నేళ్ళలో ఆ దారిలో నేను చూసిన ప్రకృతి అంతా బస్సు కిటికీ అంత వెడల్పున్నదే.

ఆరున్నరకు మా బామ్మర్ది దగ్గర నుంచి ఫోను వచ్చింది. వాళ్ళది కోదాడ దగ్గర పల్లె. సన్నాలు వేశాడు. తుపాను వస్తోందని తెలిసి ముందు రోజే, ఎంత తొందరపడితే అంత మేలని, చైను మిషను తెప్పించి కోయించాడు.

"బావా, కొనుగోలు కేంద్రంలో తేమ ఎక్కువుందని కాంటా వెయ్యరంట. ఆరబెడదామంటే ఎండేది? ట్రాలీల పోసి, పైన బరకాలు కప్పి మిర్యాలగూడ తోలుకొస్తున్న. నువ్వుంటవు గదా?"

నేనుంటాను. ఉండటమే నా ఉద్యోగం.

కేంద్రం వాళ్ళను అని లాభం లేదు. 17 శాతానికి మించి తేమ ఉంటే ప్రభుత్వం తరఫున కొనకూడదని నిబంధన. 2025-26లో ఏ గ్రేడు వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలుగా ఉండేది. సన్నాలకైతే రాష్ట్రం 2024లో మొదలుపెట్టిన 500 బోనసు దాని మీద. అయితే మిషనుతో కోసిన వడ్లు ఎండలో కూడా ఇరవై పైనే చూపిస్తాయి. వెనక కొడవళ్ళతో కోసి, మెదలు పొలంలోనే ఎండనిచ్చి, కుప్ప వేసి, తీరిగ్గా నూర్చుకునేవారు. అప్పుడు ఎండ కూడా కూలీల్లో ఒకడు. ఇప్పుడు మిషను గంటలో ఎకరం కోసి ట్రాలీలో పోసి వెళ్ళిపోతుంది. ఎండబెట్టే పని మాత్రం ఎండకే మిగిలింది. అది రాని రోజున మిర్యాలగూడ దారి పట్టడం తప్ప గత్యంతరం లేదు. అక్కడి మిల్లుల వాళ్ళు పచ్చి వడ్లే కొని, తమ డ్రయ్యర్లలో ఆరబెట్టుకుంటారు.

మా ఆవిడ కాఫీ ఇస్తూ అడిగింది. "ఏమండీ, మావాడి బండి కొంచెం ముందు పెట్టిస్తారా?"

"చూద్దాం" అన్నాను. పెళ్ళయిన పద్ధెనిమిదేళ్ళలో నా చేత 'చూద్దాం' అనిపించుకున్న పనుల్లో ఎన్ని జరిగాయో ఆవిడ దగ్గర లెక్క ఉంది. నా రిజిస్టరు కన్నా నిక్కచ్చి లెక్క. మరి మాట్లాడకుండా లోపలికి వెళ్ళింది.

మిర్యాలగూడ చేరేసరికి ట్రాక్టర్లు మిల్లు గేటు నుంచి రోడ్డు మలుపు దాకా ఉన్నాయి. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలినప్పటి నుంచి, ఎడమ కాలువ కింద మెట్ట పోయి మాగాణి అయింది. మాగాణి వెంట మిల్లులు వచ్చాయి, మిల్లుల వెంట నాలాంటి గుమాస్తాలం వచ్చాం. అంత నీరు తెచ్చిన వాళ్ళకు ఇంత నీరు ఆపడం మాత్రం చేతకాలేదు. పురికొస ఊడిన బరకాలు గాలికి టపటప కొట్టుకుంటున్నాయి. యూరియా సంచిని గొంగడి కొప్పెరలా నెత్తిన వేసుకుని ఒక పెద్దాయన ఇంజను పక్కన ఒదిగి నుంచుని బీడీ వెలిగించడానికి ఆరో అగ్గిపుల్ల గీస్తున్నాడు.

లోపల మా షావుకారు కొత్త లెక్క చెప్పాడు. మామూలుగా పచ్చి వడ్ల ధర బేరం మీద తేలుతుంది. ఆ రోజు బేరాలు పెట్టుకుంటే తెమలదని, "పొడి వడ్ల ధరే ఇద్దాం. తడికి క్వింటాలుకు 15 కిలోలు తరుగు వ్రాయి. అందరికీ ఒకటే" అన్నాడు. అందరికీ ఒకటే అంటే వినడానికి ధర్మంగానే ఉంటుంది.

అసలు లెక్క పాఠకులకు చెప్పాలి. ఇంట్లో పిల్లలు ఎనిమిదో తరగతి చదువుతూ ఉంటే వాళ్ళ చేత చేయించి చూడండి. 100 కిలోల వడ్లలో 27 శాతం తేమ ఉందంటే గింజ 73 కిలోలు, నీరు 27. ఆ 73 కిలోల గింజనూ 17 శాతం తేమకు ఆరబెడితే మొత్తం బరువు 88 కిలోలకు ఒక పిసరు తక్కువ వస్తుంది. అంటే పోయిన నీరు 12 కిలోలు. తరుగు వ్రాయవలసింది 12. పదిహేను వ్రాస్తే ఆ పైనున్న మూడూ నీరు కాదు, గింజ. డ్రయ్యరుకు ఊక కాలుస్తారు, కరెంటు అవుతుంది, నూక పెరుగుతుంది. ఇవన్నీ నిజమే, మా షావుకారు చెప్పేవే. అయితే వాటిని తేమ అనే గడిలో వ్రాయమంటే చెయ్యి ఆడదు. పోనీ 22 శాతంతో వచ్చిన వాడి సంగతేమిటి? వాడికి తగ్గవలసింది 6. వాడికీ పదిహేనేనా? నేను ఆ ప్రశ్న అడగలేదు. అడగాలనుకున్న ప్రశ్నలన్నీ అడిగిన గుమాస్తా ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి, దణ్ణం పెడతాను.

మధ్యాహ్నం పన్నెండింటికి మా బామ్మర్ది హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా వచ్చి వరుస చివర ఆగాడు. లెక్కపెట్టాను. పదిహేడో బండి. తేమ మిషనులో గింజలు పోసి చూస్తే 27. పొద్దున ఇంటి దగ్గర చూసినప్పుడు 25 అన్నాడు. దారిలో రెండు శాతం వాన ఎక్కిందన్న మాట.

మా షావుకారు కిటికీలో నుంచి చూసి, "నీ బామ్మర్దేనా? ముందుకు రమ్మను" అన్నాడు. ఆయన మంచివాడు కాదని నేనెప్పుడూ అనలేదు. నేను గొడుగు తీసుకుని బయటికి వెళ్ళాను. ఆ మాట నోటి దాకా తెచ్చుకుని, వరుస పక్కగా పదహారు ట్రాక్టర్లు దాటాను. ఎవరూ ఏమీ అనలేదు గాని, అందరూ చూశారు. మిల్లు గుమాస్తా గొడుగు వేసుకుని వరుస చివరికి పోతున్నాడంటే ఎందుకు పోతున్నాడో పల్లెటూరి వాళ్ళకు ఇట్టే తెలుస్తుంది.

"వద్దు బావా" అన్నాడు వాడు, నేను నోరు తెరవక ముందే. "ముందున్న ముసలాయన రాత్రి నుంచి ఉన్నడంట. ఆయన్ని దాటి పోయి నేనేం బాగుపడత? నువ్వు లోపలికి పో, తడుస్తవు."

గొడుగు కింద ఉన్నది నేను. తడుస్తావని చెబుతున్నది వాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆ పదహారు ట్రాక్టర్లూ ముప్ఫై రెండయినట్టు అనిపించింది.

మూడింటికి ధర్మకాంటా తీగల్లోకి నీరు దిగి అంకెలు ఆగిపోయాయి. మెకానిక్ వచ్చే దాకా బరువులు లేవు, బరువులు లేకపోతే లెక్కలు లేవు. రాత్రి గుమాస్తాకు తాళాలు ఇచ్చి నన్ను పొమ్మన్నారు. వాడికి బన్నూ టీ ఇచ్చి, "పోయి వస్తారా" అన్నాను. మూసీ వంతెన దాటేటప్పుడు ఎర్రటి నీరు, దాని మీద కొట్టుకుపోతున్న గడ్డి. బస్సులో ఒకరూ మాట్లాడలేదు.

ఇక ఇంటి సంగతి.

ఆరింటికి తలుపు తోసేసరికి కరెంటు లేదు. లోపల నుంచి గొలుసులు ఈడ్చిన చప్పుడు, నీళ్ళలో ఎవరో ఊపిరి వదులుతున్న చప్పుడు. మా అమ్మ వసారాలో కూర్చుని, "చూడరా, పొద్దటి నుంచి ఇంట్ల దెయ్యాలు తిరుగుతున్నట్టు ఈ సప్పుడేందో! మీ చెల్లె బిడ్డ అడిగిందంట" అన్నది.

నా చెల్లెలు డల్లాస్ దగ్గర ఉంటుంది. దాని కూతురికి తొమ్మిదేళ్ళు. అక్టోబరు 31న వాళ్ళ బడిలో హాలోవీన్. పిల్లలు దెయ్యాల వేషాలు వేసుకుని పాట పాడతారట, పాటకు కావలసిన చప్పుళ్ళు ఎవరింటి నుంచి వాళ్ళు పట్టుకురావాలట. అది సూర్యాపేటకు ఆర్డరు పెట్టింది. మా పెద్దది, చిన్నవాడూ బడి లేదు గనుక పొద్దుటి నుంచి ఆ కార్ఖానా నడుపుతున్నారు.

ఆ పాట 1962 నాటిది. బాబీ పికెట్ అనే ఆయన, దెయ్యాల సినిమాల నటుడు బోరిస్ కార్లాఫ్ గొంతును అనుకరిస్తూ హాస్యానికి పాడాడు. ఆ సంవత్సరం అక్టోబరులో అమెరికాలో అదే మొదటి స్థానం. దెయ్యాలన్నీ కలిసి ఒక రాత్రి నాట్యం చేసుకోవడం తప్ప అందులో మరేమీ లేదు. అయినా బీబీసీ వాళ్ళు మరీ చావు గొడవగా ఉందని అప్పట్లో ప్రసారం చేయలేదు. 1973లో అదే పాట ఇంగ్లండులోనూ జనం విరగబడి కొన్నారు. పదకొండేళ్ళు గడిస్తే చావు కూడా కాస్త తేలికవుతుంది కాబోలు. అసలు తమాషా ఏమంటే, ఆ రికార్డులో వినిపించే భయంకరమైన చప్పుళ్ళు దేనితో చేశారో తెలుసునా? శవపేటిక మూత తెరుచుకునే కిర్రు, చెక్కలో దిగిన తుప్పు మేకును పీకిన చప్పుడు. కషాయం కుతకుత ఉడకడం, గ్లాసు నీళ్ళలో గొట్టం పెట్టి ఊదిన చప్పుడు. సంకెళ్ళు, నేల మీద గొలుసు పడేసిన చప్పుడు. మా పెద్దది ఇదంతా చదివి, కొబ్బరి బొండాం గొట్టమూ రాగి చెంబూ తెచ్చి కషాయం తయారుచేసింది. చిన్నవాడు పాత సైకిలు చైను తెచ్చి షాబాదు బండల మీద వెయ్యి సార్లు పడేశాడు. మా అమ్మ ఓపికకు నా నమస్కారం.

"గిది దెయ్యాల పాటనా? పెండ్లి బ్యాండు లెక్కున్నది" అన్నది మా అమ్మ, రికార్డు విని. ఆవిడకు దెయ్యం పాట అంటే 'ఆమె ఎవరు?'. 1966 సినిమా, జగ్గయ్య, జయలలిత. హిందీ 'వో కౌన్ థీ' (1964)కు మనవాళ్ళు తీసిన రూపం. పదమూడేళ్ళ పిల్లగా టూరింగు టాకీసులో చూసి, పి. సుశీల గొంతు వినబడ్డప్పుడల్లా ముందు వరుస బెంచీ కిందికి దూరిందట. "పాట ఎంత తియ్యగుందో అంత భయమైంది. అరిస్తే భయపడకపోతుంటి" అన్నది.

ఆవిడకు తెలియకుండానే ఆవిడ చెప్పినది పెద్ద సంగతి. తెల్లవాళ్ళు భయపెట్టదలచుకుంటే వాద్యాల చేత కేకలు పెట్టిస్తారు. 1960లో వచ్చిన హిచ్‌కాక్ 'సైకో' సినిమాకు బెర్నార్డ్ హెర్మన్ అనే ఆయన ఒక్క తంత్రీవాద్యాలే పెట్టి, ఆ వయొలిన్ల చేత కత్తిపోట్లు పొడిపించాడు. మనవాళ్ళ దెయ్యం అల్లా కాదు. తెల్ల చీర కట్టి, దూరాన దీపం పట్టుకుని, నిదానంగా జాలిగా పాడుతుంది. ఈ సంప్రదాయానికి పెద్దపీట వేసినది 1949 నాటి 'మహల్'. ఖేమ్‌చంద్ ప్రకాశ్ సంగీతం. అప్పటికి గొంతును దూరం నుంచి వస్తున్నట్టు చూపే యంత్రాలు లేవు. అందుచేత లతా మంగేష్కర్ గదిలో ఓ మూల నుంచి పాడుతూ, అడుగులో అడుగు వేసుకుంటూ మైకు దగ్గరికి నడిచి వచ్చిందట. తొలి రికార్డుల మీద పాడిన మనిషి పేరు లేదు, సినిమాలోని పాత్ర పేరు వేశారు. ఎవరిదీ గొంతు అని జనం రేడియోకు ఉత్తరాలు వ్రాశారు. ఆ పాటకు అంత పేరు రావడం చూసుకుని ఎక్కువ కాలం ఆనందించే యోగం ఖేమ్‌చంద్‌కు లేకపోయింది. 1950లోనే పోయాడు.

అమెరికా పిల్లల పాటకు మన దగ్గర అసలైన జోడు మాత్రం మరొకటి ఉంది. వాళ్ళ కన్నా అయిదేళ్ళు ముందు, 1957లో. 'మాయాబజార్'లో ఘటోత్కచుడు పెళ్ళివారి విందంతా ఒక్కడే కూర్చుని ఆరగిస్తూ పాడతాడే, అది. పింగళి నాగేంద్రరావు మాట, మాధవపెద్ది సత్యం గొంతు, ఎస్.వి. రంగారావు భుజాలు. రాక్షసుణ్ణి చూసి పిల్లలు భయపడక నవ్వే పాట ప్రపంచంలో ఎక్కడైనా పోటీకి పెట్టండి, మనదే గెలుస్తుంది. ఇది నా సొంత తీర్పు, అప్పీలు లేదు.

అయితే హాలోవీన్ మొదట్లో నవ్వులాట కాదు. అది పాత కాలపు ఐర్లండు వాళ్ళకు కోతలు ముగిసిన పండుగ. ఎండ కాలం వెళ్ళి చీకటి కాలం వచ్చే ఆ సందులో, పోయినవాళ్ళు ఇంటి దారి పడతారని నమ్మకం. తరువాత క్రైస్తవులు నవంబరు 1న పుణ్యాత్ముల పండుగ, 2న మృతుల స్మరణ పెట్టుకున్నారు. 31 దానికి ముందు రాత్రి. ఐర్లండులో టర్నిప్ దుంపను తొలిచి దీపం పెట్టేవాళ్ళు, అమెరికాకు వలసపోయాక గుమ్మడికాయ చౌకగా దొరికింది. మనం దిష్టికి గుమ్మానికి కడతాం, వాళ్ళు గడప మీద పెడతారు. గుమ్మడికాయకు ఎక్కడికి పోయినా కాపలా ఉద్యోగమే.

ఇది మా అమ్మకు చెబితే, "గట్లయితే మన పెత్తరమాసనే గదా" అన్నది. నిజమే సుమండీ! భాద్రపద అమావాస్య. 2025లో అది సెప్టెంబరు 21న వచ్చింది. పొద్దున పెద్దలకు బియ్యమిచ్చాం. మా నాన్న పేరున మా అమ్మ చేటలో బియ్యం, కూరలు, చింతపండు పెట్టి ఇచ్చింది. సాయంత్రం ఆ చేతులే తంగేడు పువ్వు, గునుగు పువ్వు పేర్చాయి. ఎంగిలిపూల బతుకమ్మ మొదలయ్యేది ఆ రోజే గదా. పోయినవాళ్ళకు అన్నం, ఉన్నవాళ్ళకు పాట, రెంటికీ ఒకే తిథి పెట్టుకున్నాం. తొమ్మిది రోజులు పాడి సద్దుల చెరువులో బతుకమ్మను సాగనంపి వచ్చాం. అప్పటికి పొలాలు ఇంకా పాలు పోసుకుంటూ ఉన్నాయి.

ఆరున్నర అయింది. అక్కడ ఉదయం ఎనిమిది కావస్తోంది. వీడియో కాలు వచ్చింది. మేనకోడలు బడి సంచీ తగిలించుకుని, నెత్తిన మంత్రగత్తె టోపీ పెట్టుకుని కనిపించింది. "అమ్మమ్మా! గొలుసు బాగుంది. బుడగలు బాగున్నాయి. మేకు ఎక్కడ?"

మేకు దగ్గరే వచ్చింది చిక్కు. పాత కొట్టం తలుపు చెక్కలో మేకు ఉంది, పిల్లల చేతికి రావడం లేదు. అందరూ నా వైపు చూశారు. పటకారు తీసుకున్నాను. వెలుతురు కావాలి. మా ఆవిడ అప్పటి దాకా వంటింట్లోనే ఉన్నది. నేను వచ్చినప్పుడు, "మావాడిది కాంటా అయిందా?" అని ఒక్క మాట అడిగింది. కాలేదన్నాను. "ముందు పెట్టించలేదన్న మాట" అన్నది. వాడే వద్దన్నాడని చెప్పవచ్చు. చెబితే నిజమే. కాని ఆ నిజంలో నా వాటా ఏమున్నది? ఊరుకున్నాను. ఇప్పుడు ఆవిడే ఫోను దీపం పట్టుకుని వచ్చి, పక్కన నుంచున్నది.

పట్టి లాగాను. కదల్లేదు. మళ్ళీ లాగాను. తడికి ఉబ్బిన చెక్క మేకును వదలలేక వదలలేక వదిలింది. ఆ కిర్రు చప్పుడు వినాలి మీరు! చిన్నవాడు చెవులు మూసుకున్నాడు. డల్లాస్‌లో పిల్ల కేరింతలు కొట్టింది. మా అమ్మ, "రామ రామ" అన్నది. మా ఆవిడ నవ్వు ఆపుకుందామని చూసి, ఆపుకోలేకపోయింది. తర్వాత ఆ నవ్వు మధ్యలోనే, "వాడు ఏమన్నా తిన్నాడా?" అన్నది.

"బన్ను" అన్నాను.

"బన్నా" అన్నది. దీపం ఆర్పేసింది.

రాత్రి పదకొండింటికి వాడే ఫోను చేశాడు. కాంటా బాగయిందట, బండ్లు కదులుతున్నాయట. వెనక హమాలీల కేకలు, ఇంజన్ల చప్పుడు. మళ్ళీ తేమ చూశారట, 28కి ఎక్కింది. "ఏంజేస్తం బావా, వాన ఆగితే కదా" అన్నాడు. అక్కకు ఫోను ఇమ్మన్నాడు. ఆవిడ చాలాసేపు మాట్లాడింది. నా ప్రసక్తి వచ్చిందో లేదో తెలియదు. వచ్చినట్టే ఉంది, ఒకసారి నా వైపు చూసి గొంతు తగ్గించింది.

మర్నాడు గురువారం తెల్లవారి మొదటి బస్సుకే మిల్లుకు పోయాను. రాత్రి గుమాస్తా కాగితాలన్నీ సర్ది, నిద్ర కళ్ళతో తాళాలు చేతికిచ్చి వెళ్ళిపోయాడు. రిజిస్టరు తెరిచాను. వరుసగా పదిహేడు పంక్తులు. పేరు, ఊరు, బండి నంబరు, బరువు, తేమ, అన్నీ నింపి ఉన్నాయి. తరుగు గడి మాత్రం పదిహేడింటికీ ఖాళీ. అది నా దస్తూరీతోనే ఉండాలని మా మిల్లు ఆనవాయితీ.

మొదటి పంక్తి, యూరియా సంచి పెద్దాయనది. తేమ 24. కాగితం తీసుకుని లెక్క వేశాను. 76ను 83తో భాగిస్తే తరుగు ఎనిమిదిన్నర కిలోలు వస్తుంది. ఎనిమిదిన్నరే వ్రాశాను. రెండోది 26, పదకొండు కిలోలకు కాస్త తక్కువ. అదీ వ్రాశాను. అల్లా ఒక్కొక్కటే వేసుకుంటూ పోతే పదిహేడోది వచ్చేసరికి గంట పట్టింది. మావాడిది 28, పదమూడుంబావు.

సిరా ఆరింది. పిల్లలు ఏమి పెట్టారో నా చొక్కా జేబులో బరువుగా తగిలింది. తీసి చూస్తే రాత్రి పీకిన తుప్పు మేకు. రిజిస్టరు గాలికి ఎగరకుండా దాన్నే పేజీ మీద పెట్టాను. మా షావుకారు పది గంటలకు వస్తాడు. అప్పుడు టైము తొమ్మిదీ నలభై.